ఒకే స్వింగ్, ఒక బంతి నెట్‌లోకి, ఇంకో బంతి ఫెన్సింగ్‌కి: రాకెట్ ఫేస్ కోణం గురించి సందేహం

షటిల్_నుంచి_టెన్నిస్‌కు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా వయసు 41. పన్నెండేళ్లు షటిల్ ఆడాను. జట్టులో వాళ్లు ఒక్కొక్కరే ఊళ్లు మారిపోవడంతో ఏడాదిన్నర కిందట టెన్నిస్‌లోకి వచ్చాను. విజయవాడలో మా కాలనీ పక్కనే సిమెంటు కోర్టు ఉంది, వారంలో నాలుగు రోజులు పొద్దున్నే ఆడుతున్నాం.

నా ఇబ్బంది ఫోర్‌హ్యాండ్‌తో. చేతికి ఒకేలా అనిపించిన రెండు స్వింగ్‌లలో మొదటి బంతి నెట్ మధ్యలో తగులుతుంది, రెండోది ఎక్కడా నేలను తాకకుండా వెనకనున్న ఫెన్సింగ్‌కి కొట్టుకుంటుంది. నేర్పే ఆయన ప్రతిసారీ “ఫేస్ తెరుచుకుంటోంది, మూసి కొట్టండి” అంటారు (ఫేస్ అంటే రాకెట్‌కి స్ట్రింగ్స్ ఉన్న తలం; అది ఆకాశం వైపు వాలితే తెరుచుకున్నట్టు, నేల వైపు వాలితే మూసుకున్నట్టు). మూసి కొడితే నెట్. కొంచెం తెరిస్తే ఫెన్సింగ్. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో వీడియో తీసి చూసుకున్నాను గానీ, మంచి షాట్‌కీ పాడైన షాట్‌కీ ఫేస్ వంపులో తేడా నా కంటికి కనపడలేదు.

నాకు తెలియాల్సింది ఏమిటంటే, అసలు ఎన్ని డిగ్రీల తేడా వస్తే షాట్ పాడవుతుంది? రాకెట్‌ని కింది నుంచి పైకి ఊపుతూ ఫేస్‌ని నిటారుగా ఉంచితే బంతి స్వింగ్ పోయే దిశలో వెళ్తుందా, ఫేస్ చూసే దిశలో వెళ్తుందా? నాదల్ ఆటలో రాకెట్ బంతి మీదుగా తిరిగి తల పైకి చేరడం చూసేవాళ్లం కదా, అలా తాకే క్షణంలో మణికట్టు తిప్పి బంతిని కప్పాలా? షటిల్‌లో మణికట్టే సర్వస్వం కాబట్టి నాకు ఆ ఆలోచన వదలడం లేదు.

లెక్కల_పంతులు:

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటి జవాబూ అందులోనే ఉంది. బంతి స్వింగ్ దిశ కంటే ఫేస్ దిశకే చాలా ఎక్కువగా లొంగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. బంతి మీ వైపు సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్లతో అడ్డంగా వస్తోందనుకోండి. మీ రాకెట్ తల సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల వాలుతో పైకి పోతోంది. ఫేస్ మాత్రం నిటారుగా ఉంది. చేత్తో పట్టుకున్న రాకెట్ మధ్యభాగంలో తగిలిన బంతి, ఫేస్‌కి ఎదురుగా ఉన్న సాపేక్ష వేగంలో దాదాపు 40 శాతంతో తిరిగి వస్తుంది. ఫేస్ వెంట ఉన్న వేగంలో మాత్రం, బంతి స్ట్రింగ్స్‌ని పట్టుకుని దొర్లుతుందనుకుంటే, సుమారు 65 శాతం మిగులుతుంది. ఈ రెంటినీ కలిపి చూస్తే రాకెట్ 30 డిగ్రీల దారిలో పోయినా బంతి బయల్దేరేది దాదాపు 7 డిగ్రీల కోణంలోనే. మిగతా పైకి ఊపంతా టాప్‌స్పిన్‌గా, అంటే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరిగే స్పిన్‌గా మారుతుంది.

ఇక ఫేస్ సంగతి. పూర్తి స్వింగ్‌లో ఫేస్ ఒక డిగ్రీ మారితే బంతి బయల్దేరే కోణం కూడా ఇంచుమించు ఒక డిగ్రీ మారుతుంది. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) నుంచి నెట్‌కి దూరం 11.89 మీటర్లు కాబట్టి ఒక డిగ్రీ అంటే నెట్ దగ్గర 21 సెంటీమీటర్ల ఎత్తు తేడా. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు, స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు. అంటే “క్రాస్‌కోర్టు (ఐమూలగా) కొట్టండి, నెట్ అక్కడ తక్కువ” అని అందరూ చెప్పే ఆ వెసులుబాటు మొత్తం ఫేస్‌లో ముక్కాలు డిగ్రీకి సమానం. బంతి పడే చోటు విషయానికొస్తే, గాలి నిరోధాన్ని వదిలేసి లెక్కిస్తే ఒక డిగ్రీకి రెండు మీటర్లకు పైగా తేడా వస్తుంది. గాలీ టాప్‌స్పిన్నూ కలిసి దాన్ని కొంత తగ్గిస్తాయి. కాబట్టి మీ ఫేస్ ఒకసారి 3 డిగ్రీలు మూసుకుని, మరోసారి 3 డిగ్రీలు తెరుచుకుంటే చాలు, ఒకటి నెట్‌లోకి, ఇంకొకటి ఫెన్సింగ్‌కి పోవడానికి. వీడియోలో 3 డిగ్రీలు కంటికి ఆనకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మీ వీడియో గురించి ఇంకో మాట. బంతి స్ట్రింగ్స్ మీద ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. 240 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది, ఆ వ్యవధిలో రాకెట్ 8 సెంటీమీటర్లు జరిగిపోతుంది. తాకిడి మొత్తం మీకు దొరికేది ఒక ఫ్రేములో, మహా అయితే రెండింటిలో.

మణికట్టు ప్రశ్నకు ఇదే జవాబు. తాకే క్షణంలో మీరు రాకెట్‌ని సెకనుకు 500 డిగ్రీల చొప్పున గిరగిరా తిప్పినా, 5 మిల్లీసెకన్లలో తిరిగేది 2.5 డిగ్రీలు. బంతిని కప్పడానికి సమయమే లేదు. పైగా అలా తిప్పుతూ కొట్టేవాడు 10 మిల్లీసెకన్లు ముందో వెనకో తాకితే ఫేస్ 5 డిగ్రీలు తప్పుతుంది. అంటే నెట్ దగ్గర మీటరు తేడా. నాదల్ రాకెట్ తల పైకి చుట్టుకోవడం బంతి వెళ్లిపోయిన తర్వాత జరిగే పని. అది ఫలితం, కారణం కాదు.

పాత_కోచ్:

పంతులు గారి లెక్కకు నేనేమీ అడ్డు చెప్పను. అయితే కోర్టులో నిలబడినవాడు డిగ్రీలు ఆలోచిస్తే చెయ్యి కర్రలా బిగుసుకుపోతుంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకూ పెద్దలకూ నేర్పుతూ ఇది చాలాసార్లు చూశాను. ఫేస్ కోణాన్ని తాకే క్షణంలో సరిచేయలేం. దాన్ని ముందే నిర్ణయించేవి రెండే: గ్రిప్, బంతిని తాకే చోటు.

రాకెట్ పిడికి ఎనిమిది పలకలు ఉంటాయి, ఒక్కో పలకకు 45 డిగ్రీల తేడా. రాకెట్‌ని అంచు నేల వైపు ఉండేలా, అంటే గొడ్డలి పట్టినట్టు పట్టుకున్నప్పుడు పైన ఉండేది మొదటి పలక. కుడిచేతివాళ్లకు చూపుడువేలి మొదటి కణుపు రెండో పలక మీద ఉంటే కాంటినెంటల్, మూడో దాని మీద ఈస్టర్న్, నాలుగో దాని మీద సెమీ వెస్టర్న్, ఐదో దాని మీద వెస్టర్న్. షటిల్ నుంచి వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది తెలియకుండానే కాంటినెంటల్‌కి దగ్గరగా పట్టుకుంటారు, ఎందుకంటే షటిల్ పట్టు అదే. ఆ పట్టుతో నడుము ఎత్తులో ఒంటికి ముందుగా బంతిని తాకితే ఫేస్ ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది. దాన్ని నిటారుగా చేయాలంటే మణికట్టు తిప్పక తప్పదు. మీరు ఒకసారి సరిగ్గా తిప్పుతారు, ఒకసారి తక్కువ తిప్పుతారు, ఒకసారి ఎక్కువ తిప్పుతారు. నెట్, ఫెన్సింగ్, నెట్. మీకు నేర్పే ఆయన “మూసి కొట్టండి” అన్నది నిజమే గానీ, గ్రిప్ మార్చకుండా ఆ మాట అంటే మణికట్టుని ఇంకా తిప్పమని చెప్పినట్టే అవుతుంది.

ఇలా చేసి చూడండి. రాకెట్‌ని బంతి తగిలే చోట, ముందు పాదం కంటే ఒక జానెడు ముందు, నడుము ఎత్తులో, ఫేస్ నిటారుగా ఉండేలా ఎడమచేత్తో నిలబెట్టి పట్టుకోండి. ఇప్పుడు కుడి అరచేతిని వెనక నుంచి తెచ్చి పిడిని పట్టుకోండి, మణికట్టు కాస్త వెనక్కి వంగి హాయిగా ఉండాలి. చెయ్యి ఏ పలక మీద వాలితే అదే మీ గ్రిప్. చాలామందికి ఈస్టర్న్‌కీ సెమీ వెస్టర్న్‌కీ మధ్య వాలుతుంది. తర్వాత భుజం ఎత్తు బంతికీ మోకాలి ఎత్తు బంతికీ మణికట్టు కాకుండా మోకాళ్లు వంచి సర్దుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆలస్యంగా తాకితే ఇదే గ్రిప్‌తో కూడా ఫేస్ తెరుచుకుంటుంది, అంతేకాదు కుడివైపుకు తిరుగుతుంది. కుడి సైడ్‌లైన్ అవతల పడే బంతులు మీకు ఎక్కువగా ఉంటే మీరు ఆలస్యంగా తాకుతున్నారని రాసి పెట్టుకోవచ్చు.

షటిల్‌లో ఈ గొడవ లేకపోవడానికి కారణం కూడా చెప్తాను. కాక్ బరువు 5 గ్రాముల చుట్టుపక్కలే, అది ఎప్పుడూ బెండు వైపు తిరిగి వస్తుంది. టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు, గిరగిరా తిరుగుతూ వస్తుంది. మణికట్టుతో కాక్‌ని శాసించవచ్చు, బంతిని శాసించలేం.

ఫ్రిస్కో_లీగ్:

టెక్సాస్‌లో వారాంతపు లీగులో ఆడుతుంటాను, నాదీ ఇదే కథ కాబట్టి రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది, పంతులు గారు బంతి తిరగకుండా వస్తోందని అనుకున్నారు. నేలను తాకి లేచిన బంతి దాదాపు ఎప్పుడూ టాప్‌స్పిన్‌తోనే వస్తుంది, ఎదుటివాడు చప్పగా కొట్టినా సరే, నేల రాపిడే దాన్ని తిప్పుతుంది. అలా తిరిగే బంతి స్ట్రింగ్స్‌కి తగలగానే పైకి పాకుతుంది. కాబట్టి ఫేస్ నిటారుగా ఉంటే 7 డిగ్రీలు అన్నది తక్కువ అంచనా అని నా అనుమానం. గట్టిగా టాప్‌స్పిన్ కొట్టేవాళ్లతో ఆడిన రోజు నా బంతులన్నీ ఫెన్సింగ్‌కే పోతాయి, చప్పగా కొట్టేవాళ్లతో ఆడిన రోజు బుద్ధిగా లోపల పడతాయి.

రెండోది, ఫేస్ కోణం చేతిలోనే మారుతుందని అనుకోకండి. బంతి స్ట్రింగ్స్ మధ్యగీతకు కింద, అంటే నేల వైపు అంచుకు దగ్గరగా తగిలితే ఆ అంచు వెనక్కి నెట్టబడి రాకెట్ మెలితిరుగుతుంది, ఫేస్ మూసుకుంటుంది. మధ్యగీతకు పైన తగిలితే తెరుచుకుంటుంది. పిడిని ఎంత గట్టిగా బిగించినా ఆ 5 మిల్లీసెకన్లలో పెద్దగా ఆపలేం, అరచేతికి బొబ్బలు మాత్రం వస్తాయి. మీ స్వింగ్‌లు రెండూ నిజంగానే ఒకేలా ఉండి, బంతి తగిలిన చోటు మాత్రమే వేరై ఉండవచ్చు. నేనైతే పాత స్ట్రింగ్స్ మీద మధ్యలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత స్కెచ్‌పెన్నుతో గీసి, పది బంతులు కొట్టి, ఏ షాట్‌కి బంతి ఎక్కడ తగిలిందో చేతికి వచ్చిన అదురును బట్టి చెప్పి, తర్వాత వీడియోలో సరిచూసుకునేవాణ్ని. మొదట్లో నా ఊహలు సగానికి సగం తప్పాయి.

లెక్కల_పంతులు:

ఫ్రిస్కో గారు చెప్పింది నిజం, నేను సులువు కోసం వదిలేశాను. మళ్లీ వేస్తాను. వచ్చే బంతి నిమిషానికి 2300 చుట్లు టాప్‌స్పిన్‌తో తిరుగుతోందనుకుంటే, మిగతావన్నీ మునుపటిలానే ఉంచితే, నిటారు ఫేస్ నుంచి బంతి బయల్దేరే కోణం 7 నుంచి 12 డిగ్రీలకు పెరుగుతుంది. బేస్‌లైన్ నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో 12 డిగ్రీలంటే ఖాయంగా ఫెన్సింగే.

అదే ఫేస్‌ని 5 డిగ్రీలు మూస్తే బంతి మళ్లీ 7 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అంతకంటే ఆసక్తికరమైనది స్పిన్. నిటారు ఫేస్‌తో నా లెక్కలో బంతి నిమిషానికి సుమారు 1050 చుట్లతో బయల్దేరితే, 5 డిగ్రీలు మూసిన ఫేస్‌తో 1550కి చేరింది. స్ట్రింగ్స్ పక్కకు జరిగి తిరిగి లాగుకోవడం వల్ల నిజమైన అంకెలు ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి. అంటే ఫేస్‌ని కాస్త మూసి ఉంచి పైకి ఊపేవాడికి రెండు లాభాలు ఒకేసారి దక్కుతాయి: బంతి కిందుగా బయల్దేరుతుంది, స్పిన్ పెరిగి నెట్ దాటాక త్వరగా దిగుతుంది. పైకి ఊపకుండా ఫేస్ మాత్రమే మూస్తే మిగిలేది నెట్. “మూసి కొట్టండి” అన్న సలహా మీకు పనిచేయకపోవడానికి గ్రిప్‌తో పాటు ఇదీ ఒక కారణమై ఉంటుంది. స్వింగ్ అడ్డంగా ఉందేమో చూసుకోండి.

టెన్నిస్ భౌతికశాస్త్రం మీద ఎక్కువగా పనిచేసిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు హోవర్డ్ బ్రోడీ దీన్నే మరో విధంగా చూపించాడు. నెట్ దాటి, బేస్‌లైన్ లోపల పడడానికి అనువైన కోణాల మధ్య ఒక కిటికీ ఉంటుంది; బంతి వేగం పెరిగేకొద్దీ ఆ కిటికీ ఇరుకవుతుంది, టాప్‌స్పిన్ దాన్ని వెడల్పు చేస్తుంది. గట్టిగా కొడుతూ స్పిన్ లేకుండా ఆడేవాడు తన ఫేస్‌కి తప్పు చేసే చోటు మిగుల్చుకోడు.

షటిల్_నుంచి_టెన్నిస్‌కు:

అందరికీ ధన్యవాదాలు. పది రోజులు చేసి చూసి రాస్తున్నాను.

కోచ్ గారు చెప్పినట్టు ఎడమచేత్తో రాకెట్ నిలబెట్టి పట్టుకుంటే నా చెయ్యి నాలుగో పలకకు కొంచెం ముందు వాలింది. ఇన్నాళ్లూ నేను పట్టుకున్నది రెండో పలక. మొదటి మూడు రోజులు బంతులన్నీ నా పాదాల దగ్గరే పడ్డాయి, భార్య వచ్చి చూసి షటిల్‌కే వెళ్లిపొమ్మంది. నాలుగో రోజు నుంచి నెట్ తగ్గింది. ఫెన్సింగ్ దాదాపు పోయింది. స్ట్రింగ్స్ మీద గీతలు గీశాను. ఫెన్సింగ్‌కి పోయిన వాటిలో ఎక్కువ మధ్యగీతకు పైన తగిలినవే.

కానీ రెండు కొత్త సమస్యలు. నెట్ దగ్గర వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టడం) ఆడేటప్పుడు ఫేస్‌ని ఏమాత్రం కదిపినా బంతి ఎటో పోతోంది, ఫోర్‌హ్యాండ్‌లో కంటే ఎక్కువగా. రెండోది బ్యాక్‌హ్యాండ్ స్లైస్. ఫేస్ తెరిచి పైనుంచి కిందికి కోస్తే ఒకసారి నేలను రాసుకుంటూ చక్కగా పోతుంది, ఇంకోసారి గాలిలో తేలి ఎదుటివాడికి స్మాష్‌గా అందుతుంది.

లెక్కల_పంతులు:

వాలీలో మీకు అనిపించింది నిజమే. రాకెట్ వేగంగా పోతున్నప్పుడు బంతి వేగంలో ఎక్కువ భాగం స్వింగ్ ఇచ్చినదే, ఫేస్ వంపు దాని పక్కన చిన్న సవరణ. రాకెట్‌ని కదలకుండా అడ్డం పెట్టినప్పుడు స్వింగ్ ఇచ్చే వేగం సున్నా, ఫేస్ ఒక్కటే మిగులుతుంది. అద్దాన్ని ఒక డిగ్రీ తిప్పితే దాని మీద పడిన కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. బంతి అద్దంలా కాకుండా ఎదురు వేగాన్ని ఎక్కువగా పోగొట్టుకుని, ఫేస్ వెంట ఉన్న వేగాన్ని తక్కువగా పోగొట్టుకుంటుంది కాబట్టి అది రెండుకు మించుతుంది. పైన చెప్పిన అంకెలతోనే వేస్తే, నిలిచి ఉన్న రాకెట్‌లో ఒక డిగ్రీకి బంతి 2.6 డిగ్రీలు మారుతుంది. నెట్‌కి దగ్గరగా నిలబడతాం కాబట్టి ఆ తప్పు కొంత దాగుతుంది. సర్వీస్ లైన్ దగ్గర, నెట్‌కి 6.4 మీటర్ల దూరంలో మొదటి వాలీ ఆడేవాడికి దాగదు.

పాత_కోచ్:

అందుకే వాలీలో మేము గ్రిప్ కాంటినెంటల్‌కి మార్చమంటాం. అక్కడ మీ షటిల్ పట్టు పనికొస్తుంది, పారేయకండి. నెట్‌కి పైన ఉన్న బంతికి ఫేస్ దాదాపు నిటారుగా, నెట్‌కి కింద ఉన్న బంతికి కొద్దిగా తెరిచి, అదీ బంతి రాకముందే పెట్టుకుని, చిన్న అడుగు ముందుకు వేసి రాకెట్‌ని కొద్దిగా నెట్టాలి. పంతులు గారి లెక్క ప్రకారం ఆ చిన్న నెట్టుడే ఫేస్ తప్పును కొంత మింగుతుందని ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ బరువు ముందుకు రావాలని మాత్రమే చెప్తూ వచ్చాను.

స్లైస్‌లో కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఫేస్‌ని పళ్లెంలా పరచడం. పైనుంచి కిందికి వచ్చే దారి ఎలాగూ ఉంది, ఫేస్‌ని మాత్రం కొంచెమే తెరవాలి. ఎంత అని అడిగితే నా దగ్గర అంకె లేదు, పంతులు గారే చెప్పాలి.

లెక్కల_పంతులు:

చెప్తాను. రాకెట్ సెకనుకు 15 మీటర్ల వేగంతో, 20 డిగ్రీల వాలుతో కిందికి వస్తోంది, ఫేస్ 5 డిగ్రీలు తెరిచి ఉంది, బంతి మునుపటిలానే 15 మీటర్ల వేగంతో వస్తోంది. బంతి తిరగకుండా వస్తే స్లైస్ 2 డిగ్రీల పైకి, అంటే దాదాపు అడ్డంగా పోతుంది. నిమిషానికి 2300 చుట్ల టాప్‌స్పిన్‌తో వస్తే అదే స్వింగ్, అదే ఫేస్ 8 డిగ్రీలకు చేరుతుంది. ఇక టాప్‌స్పిన్ బంతికి ఫేస్‌ని 10 డిగ్రీలు తెరిస్తే 14 డిగ్రీలు. మీకు గాలిలో తేలినవి ఈ చివరి రకానివి అయి ఉండాలి. ఎదుటివాడి బంతి ఎత్తుగా లేచి తిరుగుతూ వస్తే ఫేస్ దాదాపు నిటారుగా ఉంచి కోయండి. వాడు కూడా స్లైస్ చేసి బంతి కిందుగా జారుతూ వస్తే అప్పుడు కాస్త తెరవండి.

ఫ్రిస్కో_లీగ్:

ఎదుటివాడు ఏ స్పిన్ పంపుతున్నాడో బంతి నేలకు తగిలాక చూస్తే ఆలస్యమవుతుంది. వాడి రాకెట్ కింది నుంచి పైకి పోతోందా, పైనుంచి కిందికి వస్తోందా అని చూడండి, అక్కడే తెలిసిపోతుంది. గ్రిప్ మార్చుకోవడానికి కూడా అప్పుడే సమయం దొరుకుతుంది.

షటిల్_నుంచి_టెన్నిస్‌కు:

నిటారుగా ఉంచి కోసి చూశాను. ఇరవైలో మూడే తేలాయి. రేపు ఎదుటివాడి రాకెట్ చూస్తూ ఆడతాను. ఇన్నాళ్లూ బంతినే చూస్తూ ఉన్నాను.